గోరు, కన్నీరు, వేగధారణం

మానుతున్న గాయంపై కట్టిన పక్కును గోటితో లేపడం, ముఖంపై మొటిమను నెత్తురు వచ్చేదాకా గిల్లడం, అది మానకముందే మళ్ళీ అక్కడికే చేయి పోవడం: ఈ అలవాటుకు వశులైనవారు దానిని విడవాలని ఎన్నిమార్లు సంకల్పించి ఉంటారో లెక్కలేదు. అయినప్పటికీ ఇంటిలో వారికి వినవచ్చే మాట ఒక్కటే, "మనోనిగ్రహం లేదు" అని. శాస్త్రం పేరిట పలికే ఈ మందలింపు శాస్త్రసమ్మతం కాదు.

ఆంగ్లేయ చర్మవైద్యుడు ఎరాస్మస్ విల్సన్ 1875లోనే దీనిని గుర్తించి పేరు పెట్టాడు. అమెరికా మనోవైద్య సంఘం 2013లో తన వ్యాధినిర్ణయ గ్రంథంలో దీనికి ప్రత్యేక స్థానమిచ్చింది. చేయి కదలడానికి ముందు అనేకులలో ఒక ఉద్వేగం ఉంటుంది: భయం, కోపం, అవమానం, ఒక్కొక్కప్పుడు కేవలం విసుగు. గిల్లినప్పుడు క్షణకాలం ఉపశమనం. ఆ ఉపశమనమే సంస్కారమై లోతుగా నాటుకొంటుంది. పిమ్మట అద్దంలో మచ్చ కనబడుతుంది, సిగ్గు కలుగుతుంది. ఆ సిగ్గే మరొక ఉద్వేగమై చేతిని మళ్ళీ కదిలిస్తుంది. ఇట్టి చక్రంలో ఉన్నవారిని నలుగురిలో నిందించడం అగ్నికి ఆజ్యం పోయడమే.

చరకసంహిత సూత్రస్థానంలోని ఏడవ అధ్యాయం ఇక్కడ స్మరించదగినది. వేగాలలో ధరింపదగినవి, ధరింపరానివి అని చరకుడు విభజించాడు. శోకం, భయం, క్రోధం, ఈర్ష్య మొదలైన మనోవేగాలు ధరింపదగినవి. ఆకలి, దప్పిక, నిద్రాదులైన పదమూడు వేగాలను మాత్రం నిరోధించరాదు. ఆ పదమూడింటిలో బాష్పం, అనగా కన్నీరు, ఒకటి. ఎంత సూక్ష్మమైన వివేకం! శోకానికి వశుడు కావద్దన్న ఆచార్యుడే కన్నీటిని ఆపవద్దన్నాడు. మన గృహాలలో జరుగుతున్నది దీనికి విపర్యయం. ఏడిస్తే "ఛీ, ఏడవకు" అంటారు, కోపం వస్తే "నోరు మూసుకో" అంటారు. ద్వారాలన్నీ మూసిన తర్వాత ఉద్వేగం గోటి కొనకు చేరితే ఆశ్చర్యమేమి?

గీతలో మూడవ అధ్యాయం ప్రకృతి ముందు నిగ్రహం ఏమి చేయగలదని ప్రశ్నిస్తుంది. ఆరవ అధ్యాయం అభ్యాసవైరాగ్యాలను ఉపదేశిస్తుంది. మందలించేవారు నిగ్రహమనే పదాన్ని పట్టుకొని అభ్యాసాన్ని విడిచిపెట్టారు. పదిహేడవ అధ్యాయంలోని శరీరకర్శన నిందను ఈ రోగులకు అన్వయించేవారూ లేకపోలేదు. అది దంభంతో ఘోరతపస్సు చేసేవారిని గూర్చినది. వీరికి దానితో సంబంధం లేదు.

అభ్యాసమంటే ఎట్లుంటుందో 1973లో అజ్రిన్, నన్ అనే మనస్తత్త్వవేత్తలు ప్రతిపాదించిన పద్ధతిలో చూడవచ్చు. చేయి ఎప్పుడు లేస్తున్నదో ముందుగా ఎరుకపరచుకోవాలి. లేచినప్పుడు పిడికిలి బిగించడం వంటి వేరొక పనిని దానికి అప్పగించాలి. పతంజలి చెప్పిన ప్రతిపక్షభావనకు ఇది దూరపు చుట్టమే గాని, అంతా మన ఋషులు ముందే చెప్పారని గర్వించనక్కరలేదు. చేతికి ఇంత నేర్పినా, దానిని లేపిన ఉద్వేగాన్ని పేరుపెట్టి గుర్తించడం, అది ఉపశమించేదాకా ఓర్చుకోవడం కూడ నేర్వవలసి ఉంటుంది. అది ఇంటివారి ఆదరం లేనిదే దుష్కరం.

చర్మంపై ఏది కనిపించినా సర్పదోషమని సుబ్రహ్మణ్యారాధనకు పంపడం తెలుగునాట పరిపాటి. ఆరాధన మనస్సుకు ధైర్యమిస్తే మంచిదే. చీముపట్టిన గాయానికి చర్మవైద్యుడు, ఆగని చేతికి మనోవైద్యుడు కావాలి. గోత్రనామాలు అడిగే అర్చకుడు, వైద్యుని చూశారా అని కూడ అడగడం ఉచితం.