నీలం కూడా జవాబే

ప్రాక్టికల్స్ అనగానే మనకు ముందుగా గుర్తొచ్చేది ప్రయోగశాల కాదు, రికార్డు. టెస్ట్‌ట్యూబు వేడెక్కకముందే "ఇటుకరంగు అవక్షేపం ఏర్పడినది, కావున చక్కెర కలదు" అని రాసేస్తాం. నేనూ రాశాను. ఆ రోజు నాకిచ్చింది పంచదార ద్రావణం. బెనెడిక్ట్ ద్రావణంతో ఎంతసేపు మరిగించినా నీలంగానే ఉంది. పక్కవాడి రికార్డు చూసి ఎరుపని రాశాను. సంతకం పడింది, మార్కులూ పడ్డాయి. బుర్రలో మాత్రం ఏమీ పడలేదు.

నిజానికి నీలమే సరైన జవాబు! మైలుతుత్తంలోని రాగి అయాన్లను క్షయకరణం చేయగల చక్కెర ఉంటేనే ఎర్రని క్యూప్రస్ ఆక్సైడు దిగుతుంది. గ్లూకోజుకు, ఫ్రక్టోజుకు ఆ శక్తి ఉంది. అవి రెండూ ముడిపడిన సుక్రోజుకు, అంటే పంచదారకు, లేదు. సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో మరిగించి, పొంగు ఆగేదాకా సోడియం బైకార్బొనేట్ వేసి, మళ్లీ పరీక్షిస్తే అప్పుడు ఎరుపు వస్తుంది.

ఇదంతా మార్కుల గొడవేనా? కాదు. సెలవులకు తాడిమర్రి వెళ్లినప్పుడు చెనిక్కాయలూ బెల్లమూ చేతిలో పెడుతూ ఒక పెద్దాయన, "బెల్లం తింటే షుగరు రాదంట గదా నాయనా? పంచదారే చెడ్డదంట!" అన్నాడు. ప్రయోగశాలలో చూస్తే బెల్లమే నేరుగా రంగు మారుస్తుంది. చెరకురసం కాగేటప్పుడు సుక్రోజు కొంత విడిపోతుంది గనుక. అలాగని నీలంగా ఉండిన పంచదార మంచిదా? అదీ కాదు. మన పేగుల్లోని ఎంజైమ్ రెంటిలోని సుక్రోజునూ విడగొట్టి రక్తంలోకి పంపుతుంది. రంగు చూడటం వేరు, దాని అర్థం తెలియటం వేరు.

స్టాన్లీ బెనెడిక్ట్ 1908-09లో ఇచ్చిన ఈ ద్రావణం దశాబ్దాలపాటు మధుమేహ రోగులకు ఆధారమైంది. 5 మిల్లీలీటర్ల ద్రావణంలో 8 చుక్కల మూత్రం వేసి మరిగించేవారు. నీలం, ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఇటుకరంగు - ఆ వరుసను బట్టి ఇన్సులిన్ మోతాదు సర్దుకొనేవారు. అక్కడ ఎవరైనా నాలాగే పక్కవాడిది చూసి రాసి ఉంటే? పాలిచ్చే తల్లి మూత్రంలోని లాక్టోజుకూ, విటమిన్-సికీ కూడా ఆ రంగు మారవచ్చు. అందుకే గ్లూకోజును మాత్రమే గుర్తించే పరీక్షలు దాని స్థానంలోకి వచ్చాయి.

నా మనవి ఒక్కటే. అధ్యాపకులు "రావలసిన రంగు"కు కాక, చూసిన రంగుకూ దాని వివరణకూ మార్కులివ్వాలి. పేరు చెప్పకుండా బెల్లం, పాలు, పంచదార, ద్రాక్షరసం ఇచ్చి చూడండి, ఖర్చెంత? ఇక మనం, నీలం వస్తే నీలమనే రాద్దాం. ఒక మార్కు పోతే పోనీ. రేపు మన రిపోర్టు నమ్మి ఎవరో ఒకరు మందు వేసుకుంటారు.