మైకు ముందర మోకాళ్లు

ఆదివారం పొద్దున అశ్వారావుపేట నుంచి వినాయకపురం వైపు వెళ్లినా, దమ్మపేట వైపు వెళ్లినా, పామాయిల్ తోటల మధ్య నుంచి మైకు గొంతు వినబడుతూనే ఉంటుంది. రేకుల మందిరం ఒకచోట, తాటాకు పందిరి ఇంకోచోట, పాస్టరు గారి ఇంటి వసారా మరోచోట. ఇరవై గడపల గూడెంలో లోపల కూర్చున్న పదిహేను మందికి వినబడటానికి మైకు అక్కర్లేదు. దేవుడికైతే అసలే అక్కర్లేదు. మరి ఆ మైకు ఎవరికోసం?

ముందే ఒక మాట చెప్పుకోవాలి. యేసును నమ్ముకున్న మన వాళ్ల నమ్మకం మీద నాకు తగాదా లేదు. ఆ చాపల మీద నేనూ కూర్చుంటాను. తాగుడు మానిన అన్నదమ్ముల్ని, ఆ మానడం వల్ల రెండు పూటలా అన్నం తిన్న పిల్లల్ని నేను చూశాను, మీరూ చూశారు. అందుకే ఈ తగాదా లోపలి నుంచే జరగాలి. బయటి నుంచి రాళ్లు వేసేవాళ్లు వేరే ఉన్నారు, వాళ్ల సంగతికి తర్వాత వస్తాను.

యేసు వ్యభిచారిణిని క్షమించాడు, దొంగతో మాట్లాడాడు, సుంకరి ఇంట్లో భోంచేశాడు. ఆయనకు తీరని కోపం వచ్చింది ఒక్క రకం మనుషుల మీద. తెలుగు బైబిల్లో వాళ్లను వేషధారులు అన్నారు. గ్రీకులో ఆ మాట నాటకంలో ముఖానికి తొడుగు పెట్టుకుని ఆడేవాడికి వాడేవాళ్లు. తెలుగు చేసినవాళ్లు సరైన మాటే పట్టుకున్నారు. అయితే మన ఊళ్లకు వచ్చే పగటి వేషగాణ్ని ఈ లెక్కలో కలపకూడదు, పాపం. అతను వేషం వేశానని అందరికీ తెలిసేలా వేసి, ఆడి, గింజలు అడిగి తీసుకుపోతాడు. ఎవర్నీ మోసం చేయడు. మోకాళ్ల మీద వేసే వేషంలోనే మోసం ఉంది, ఎందుకంటే అది వేషమని చూసేవాళ్లకు తెలియదు. కొన్నాళ్లకు వేసేవాడికీ తెలియకుండా పోతుంది.

మత్తయి సువార్త 6వ అధ్యాయంలో ప్రార్థన గురించి ఆయన చెప్పింది చాలా చిన్నది. వీధి మలుపుల్లో నలుగురూ చూడాలని చేయొద్దు, గదిలోకి పోయి తలుపు వేసుకో, మాటలు ఎక్కువైతే దేవుడు వింటాడనుకోవద్దు. మన ఇళ్లలో తలుపు వేసుకునే వేరే గది ఎక్కడుందని ఎవరైనా అడగొచ్చు. మన ఆడవాళ్లకు ఆ గది ఎక్కడో తెలుసు. ఎండాకాలం తెల్లవారుజామున తునికాకు కోతకు వంగినప్పుడు, జ్వరం పిల్లను ఒళ్లో వేసుకుని రాత్రంతా విసురుతున్నప్పుడు వాళ్లు పెదాలు కదపకుండా చేసుకునే ప్రార్థన ఏ కూడికలోనూ వినబడదు.

ఇక మన చరిత్ర కొంచెం చూద్దాం, ఎందుకంటే ఈ తగాదాకు అందులో మంచి సాక్ష్యం ఉంది. కోయ ప్రాంతంలో ఈ మతం గోదావరి ఒడ్డున దుమ్ముగూడెంలో, 1860ల తొలినాళ్లలో వేళ్లూనింది. గోదావరిలో పడవలు నడిపేందుకు పనులు చేయించిన ఇంజనీరు హేగ్ దొర అక్కడ మిషన్ మొదలు కావడానికి కారకుడు. తర్వాత జాన్ కెయిన్ అనే మిషనరీ అక్కడ దశాబ్దాలపాటు ఉండి మన ఆచారాల గురించి పత్రికల్లో రాశాడు. ఆ దొరలు చేసిందంతా మంచేనని నేననను. మన వేల్పుల గురించి వాళ్లు రాసినవి చదివితే ఇప్పటికీ చిర్రెత్తుకొస్తుంది. కానీ ఒక పని చేశారు. కోయ భాష నేర్చుకున్నారు. 19వ శతాబ్దం ముగిసేలోపే లూకా సువార్త కోయ భాషలో అచ్చయింది. మన భాషలో అచ్చయిన తొలి పుస్తకాల్లో అదొకటి.

లూకా అన్నది గమనించండి. గుడిలో ప్రార్థన చేసిన ఇద్దరు మనుషుల కథ నాలుగు సువార్తల్లో లూకాలోనే ఉంది, 18వ అధ్యాయంలో. మత్తయిలో లేదు, మార్కులో లేదు, యోహానులో లేదు. అంటే వేషధారి ప్రార్థన ఎలా ఉంటుందో, నిజమైన ప్రార్థన ఎలా ఉంటుందో చెప్పే కథ నూరేళ్లకు పైగా మన భాషలోనే ఉంది. ఇప్పుడు అదే కథను మన పాస్టర్లు పుస్తకాల తెలుగులో చదివి, అర్థం మాత్రం వదిలేస్తున్నారు.

ఆ కథలో పరిసయ్యుడు ఏమీ అడగడు. కృతజ్ఞతలు చెబుతాడు. తాను పక్కవాళ్లలాంటివాణ్ని కానందుకు దేవుడికి వందనాలు చెప్పి, ఉపవాసాల లెక్క, దశమభాగం లెక్క వినిపిస్తాడు. సుంకరి దూరంగా నిలబడి, తల ఎత్తకుండా, కరుణించమని ఒక్క ముక్క అంటాడు. మన తెలంగాణ ఊళ్లలో సుంకరి అంటే చిన్న గ్రామ నౌకరు కాబట్టి ఆ పాత్ర మీద జాలి పుడుతుంది. కథలో సుంకరి అలాంటివాడు కాదు. రోము ప్రభుత్వం తరఫున సొంత జనం దగ్గర పన్ను పిండేవాడు. మన అనుభవంలో చెప్పాలంటే పోడులో నాగలి ఆపి మామూలు అడిగేవాడు, కాటా దగ్గర పత్తి బస్తాకు తరుగు కొట్టేవాడు. అలాంటివాడు నీతిమంతుడిగా ఇంటికి వెళ్లాడని యేసు చెప్పాడు. వినేవాళ్లకు ఒళ్లు మండి ఉంటుంది.

ఇప్పుడు మన కూడికల్లో చెప్పే సాక్ష్యం వినండి. డిగ్రీ చదివే అమ్మాయి మైకు అందుకుంటుంది. ఆమె నోట్లోకి మాటలు ముందే పెట్టి ఉంటాయి. మాది చీకటి కుటుంబం, మా వాళ్లు దెయ్యాలను కొలిచేవాళ్లు, అడవిలో జంతువుల్లా బతికేవాళ్లం, ప్రభువు నన్ను వేరు చేశాడు. చప్పట్లు, స్తోత్రాలు. నాలుగిళ్ల అవతల అరుగు మీద ఇప్పపువ్వు ఎండబోసుకుంటూ ఆమె అవ్వ కూర్చుని ఉంటుంది. మైకు కదా, అవ్వకూ వినబడుతుంది. ఆ పిల్లను ఎత్తుకుని పెంచింది, ఆశ్రమ పాఠశాలకు పంపేటప్పుడు చీర కొంగులో ముడి విప్పి డబ్బులిచ్చింది ఆ దెయ్యాలను కొలిచే అవ్వే. విజ్జ పండుంలో విత్తనం మట్టిలో వేసే ముందు భూమికి మొక్కుకునే అవ్వ, తన మనవరాలు మారినప్పుడు ఒక్క మాట అనలేదు. పక్కవాళ్లలా నన్ను చేయనందుకు వందనాలని చెప్పిన పరిసయ్యుడి ప్రార్థనకూ ఈ సాక్ష్యానికీ తేడా ఎక్కడుందో వేదాంత కళాశాలలో చదువుకున్నవాళ్లు నాకు చూపించాలి.

అమ్మాయిని తప్పు పట్టను. ఆమెకు అలా నేర్పారు. తాగుడు మానాను, భార్యను కొట్టడం మానాను అని ఒక మగవాడు చెబితే అది సాక్ష్యం, తన తప్పు తాను చెబుతున్నాడు. అవ్వ మొక్కును దెయ్యం అనడం సాక్ష్యం ఎలా అవుతుంది? అది వేరొకరి మీద ఫిర్యాదు. ఇలాంటి ఫిర్యాదుల వల్లనే అన్నదమ్ముల మధ్య మాటలు పోతున్నాయి, చావుకు వెళ్లి మట్టి వేయడానికి కూడా వెనకాడుతున్నారు.

లూకాలోనే, 20వ అధ్యాయం చివర, విధవల ఇళ్లు మింగుతూ పైకి పొడుగు ప్రార్థనలు చేసేవాళ్ల ప్రస్తావన ఉంది. దాన్ని మన ఊళ్లో పెట్టి చదవండి. భర్త పోయిన అవ్వకు నెలకు 2,016 రూపాయల ఆసరా పింఛను. అందులో దశమభాగం అంటే 201 రూపాయలు. ఆ 201 ఇవ్వకపోతే ఆశీర్వాదం ఆగిపోతుందని చెప్పి తీసుకునే చెయ్యీ, ఆ వెంటనే ఆమె తల మీద పెట్టి ప్రార్థించే చెయ్యీ ఒకటే. ఇంకో రకం ఉన్నాడు. ముందు వరసలో ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుని, మందిరం రేకులకు చందా ఇచ్చి, కళ్లు మూసి తల ఊపుతూ ఉంటాడు. 1959 నాటి భూబదలాయింపు చట్టం, దాన్ని గట్టి చేసిన 1/70 ప్రకారం ఏజెన్సీలో గిరిజనేతరుడు గిరిజనుడి భూమి కొనకూడదు. కాబట్టి మన వాడి పేరున కాగితం పెట్టి, చేను తాను చేసుకుంటాడు. ఆ బినామీ కాగితం మీద వేలిముద్ర వేసినవాడు అదే మందిరంలో వెనక చాప మీద ఉంటాడు. ఇద్దరూ కలిసి తమ రుణస్థులను క్షమించినట్టు తమను క్షమించమని దేవుణ్ని వేడుకుంటారు. ఆ ఒక్క వాక్యం దగ్గర పాస్టరు గారు ఒక నిమిషం ఆగితే చాలు. ఆగరు, ఎందుకంటే రేకులు ఆయనవి.

స్వస్థత కూటముల గురించి చెప్పకపోతే ఈ వ్యాసం సగమే. మన కోయ పిల్లల్లో సికిల్ సెల్ ఉంది. తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండువైపులా ఆ లోపం వస్తే రక్తకణాలు కొడవలిలా వంగి, సన్నని నాళాల్లో ఇరుక్కుని, ఎముకల్లో కీళ్లలో భరించలేని నొప్పి పుడుతుంది. ఆ నొప్పి కొన్నాళ్లకు తగ్గుతుంది, మళ్లీ వస్తుంది. ఆ తగ్గే రోజుల్లో ఎవరు నూనె రాసి ప్రార్థిస్తే వాళ్లకు పేరు. పిల్లాణ్ని వేదిక ఎక్కిస్తారు, వీడియో తీస్తారు, మాత్రలు మానేయమంటారు. నెల తిరక్కుండా నొప్పి మళ్లీ వస్తే ఆ వీడియో తీసినవాడు ఉండడు. తల్లికి మిగిలేది నీకు విశ్వాసం తక్కువైంది అన్న మాట. 2023 జులైలో కేంద్రం మొదలుపెట్టిన సికిల్ సెల్ కార్యక్రమం కింద నలభై ఏళ్ల లోపు వాళ్లకు పరీక్షలు చేయాలి. పిల్లవాడి కోసం ప్రార్థించి, తన బండి మీదే ఎక్కించుకుని ఆసుపత్రికి తీసుకుపోయి రక్తపరీక్ష చేయించే పాస్టర్లు కూడా మన మధ్య లేకపోలేదు. వాళ్ల ఫోటోలు ఏ ఫ్లెక్సీ మీదా ఉండవు.

2024 జులై 18న మన మండలంలోనే గుమ్మడవల్లి దగ్గర పెద్దవాగు ప్రాజెక్టు గట్టు తెగింది. పొలాల్లో ఇసుక మేటలు వేసింది, పశువులు కొట్టుకుపోయాయి, నీళ్లు కింద వేలేరుపాడు, కుక్కునూరు మండలాల ఊళ్ల దాకా పోయాయి. ప్రాణాలు దక్కినందుకు దేవుడికి కృతజ్ఞత చెప్పడం సహజం, నేనూ చెప్పాను. కానీ కృతజ్ఞత కూడికలతోనే సరిపెట్టుకున్న చోట, ఆ గట్టును ఎవరు చూసుకోవాలి, ఇసుక మేటకు పరిహారం ఎవరివ్వాలి అన్న ప్రశ్న ఎవరి నోటా రాలేదు. యెషయా ప్రవక్త పుస్తకం మొదటి అధ్యాయంలోనే చేతులెత్తి చేసే ప్రార్థనను దేవుడు వినననడం, తర్వాత అనాథకు న్యాయం చేయమనడం ఉంది. చేతులెత్తడం సులువు. తహసీల్దారు ఆఫీసు ముందు అర్జీ పట్టుకుని నిలబడటం కష్టం.

రాళ్లు వేసేవాళ్ల సంగతి చెబుతానన్నాను. క్రైస్తవులైన గిరిజనులను ఎస్టీ జాబితా నుంచి తీసేయాలని కొందరు డిమాండ్ చేస్తున్నారు. దళితుల విషయంలో 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మతం షరతు పెట్టింది. మొదట హిందువులకే, 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ హోదా ఇచ్చారు. గిరిజనుల ఉత్తర్వులో అలాంటి షరతు లేదు. మన సంస్కృతి పోతోందని గుండెలు బాదుకునే ఈ పెద్దమనుషులు మన భూములు బినామీల పాలవుతుంటే ఎక్కడున్నారో కనబడలేదు. అదీ వేషమే, రంగు వేరు.

అయితే ఈ చట్టం మనకు ఇంకో సంగతి కూడా చెబుతోంది. సర్టిఫికెట్ పోతుందని భయపడి దళిత సోదరుడు కాగితం మీద ఒకటి, మందిరంలో ఒకటి చెబితే ఆ అబద్ధం చట్టం అతని చేత ఆడించింది. మనకు ఆ ఇబ్బంది లేదు. కోయవాడిగా ఉంటూనే, కొండరెడ్డిగా ఉంటూనే క్రైస్తవుడిగా ఉండొచ్చని రాజ్యాంగమే ఒప్పుకుంది. ఒప్పుకోనిది మన పాస్టరు, మన సిగ్గు.

ఆ సిగ్గు ఎక్కువగా భాషలో కనబడుతుంది. ఇంట్లో కోయ మాట్లాడే కుర్రాడు ప్రార్థనకు లేవగానే చేయుచున్నాము, వేడుకొనుచున్నాము అంటాడు. మూడు నిమిషాల్లో నలభై స్తోత్రాలు. ఏ మాటా అతనిది కాదు. తల్లితో మాట్లాడే భాష దేవుడి దగ్గర పనికిరాదనుకునేవాడు దేవుడికి తన మనసు ఎలా చెబుతాడు? దోర్నకల్‌లో బిషప్ అజరయ్య కట్టించిన, 1939లో ప్రతిష్ఠించిన పెద్ద గుడిని ఒకసారి చూసి రండి. మన దేశపు గుడుల, మసీదుల పోకడలు అందులో కలిపారు. దేవుడికి దొరల కట్టడమే కావాలని ఆయన అనుకోలేదు.

ఉపాధ్యాయ మిత్రులకు, చదువుకున్న తమ్ముళ్లకు చెల్లెళ్లకు ఒక పని ఉంది. లూకా 11వ అధ్యాయంలో యేసు శిష్యులకు నేర్పిన ప్రార్థన అరనిమిషంలో అయిపోతుంది. అచ్చులో ఉన్నదాన్ని పక్కన పెట్టుకుని, మీ గూడెం కోయలో, మీ ఇంట్లో మాట్లాడే యాసలో దాన్ని మీరే చెప్పి చూడండి. రోజువారీ ఆహారం అన్నచోట మన జావకు ఏ మాట వాడాలి? అప్పు క్షమించడానికి మన పెద్దలు పంచాయితీలో ఏమంటారు? శోధన అన్న మాటకు కోయలో ఏముంది? ఇవి మీకు తట్టకపోవచ్చు. పాస్టరు గారికీ తట్టవు. గూడెంలో పాత కోయ బాగా తెలిసినవాడు వేల్పుల పూజారే. సాయంత్రం అతని అరుగు మీదికి వెళ్లి కూర్చుని, తాతా ఈ మాట మన భాషలో ఎట్లా అంటారు అని అడగండి. అంతకుముందు ఆదివారం మైకులో అతని గురించి ఏమన్నారో అతనికి గుర్తుండే ఉంటుంది. ఆ సంగతి కూడా మాట్లాడుకోండి.