సందెవేళ భోజనము

దీపములు పెట్టిన పిదప మన యిండ్లలో జరుగు కలహములలో పెక్కులకు బిడ్డ కంచమే కారణము. తల్లి ముద్ద కలిపి చూపును. బిడ్డ పెదవులు బిగించును. కథలు చెప్పి, చందమామను చూపి, కడకు బెదిరించి నాలుగు ముద్దలు మ్రింగించునప్పటికి తల్లి ఆకలియు చచ్చును. ఈ మాసమున ఆ బాధనుగూర్చియే ముచ్చటింపదలచితిమి.

మా యింటి సంగతియే మొదట చెప్పుదుము. మా మనుమరాలికి నాలుగేండ్లు. కూర యనిన ముఖము త్రిప్పుకొనెడిది, పప్పన్నము ఉమిసివేసెడిది. పాలు మాత్రము ఎన్ని యిచ్చినను త్రాగెడిది. అన్నము తినకున్న నేమి, పాలు బలమే గదా యని మేమే సందెవేళ గ్లాసెడు, పండుకొనునపుడు గ్లాసెడు, నడుమ అడిగినపుడెల్ల మరికొంత పోయుచుంటిమి. దినమునకు లీటరుకు తక్కువ కాకుండెను. కొంతకాలమునకు పిల్ల ముఖము పాలిపోయెను. ఆటలు మాని మూల కూర్చుండసాగెను. వైద్యురాలు రక్తము పరీక్ష చేయించి, రక్తహీనత యని చెప్పి, ఇనుము గల మందు వ్రాసియిచ్చి, పాలు తగ్గింపుడనిరి. పాలు త్రాగు బిడ్డకు రక్తము తగ్గుటయా యని మేము విస్తుపోతిమి.

కారణము విన్న పిదప సిగ్గుపడితిమి. ఎముకలకు వలయు కాల్షియము పాలలో సమృద్ధిగా కలదు. నూరు మిల్లీలీటరుల ఆవుపాలలో సుమారు 120 మిల్లీగ్రాములుండును. నాలుగు మొదలు ఆరేండ్ల బిడ్డకు దినమునకు 550 మిల్లీగ్రాములు వలయునని భారత వైద్య పరిశోధనా మండలి నిపుణులు 2020లో నిర్ణయించిరి. కాని రక్తమునకు వలయు ఇనుము పాలలో లేనట్లే. పాలతో కడుపు నిండిన బిడ్డకు ఇనుము గల పప్పులపై, ఆకుకూరలపై ఆకలి యెట్లుండును? ఆకలి లేని బిడ్డను మనము మంకుబిడ్డ యందుము!

కాన మేము నేర్చినది ఇది: పాలు భోజనమునకు ముందు కాదు, భోజనములో నుండవలయును. పాలు, పెరుగు కలిపి దినమునకు అరలీటరు చాలును. కాల్షియము ఇనుమును ఒంటబట్టకుండ కొంత అడ్డును గనుక, ఆకుకూర పప్పు మధ్యాహ్నమే పెట్టి నిమ్మరసము పిండుడు. పాలు, పెరుగు చేరిన వంటలు రాత్రికి ఉంచుకొనుడు. ఇంటిల్లిపాదికి పనికివచ్చు సులభమైన వంటలు మూడు చెప్పుదుము.

పాలు పోసిన ఆనపకాయ కూర: లేత కాయను సన్నని ముక్కలుగా తరిగి, ఆవాలు, జీలకర్ర పోపులో వేసి, ఉప్పు చల్లి, మూతపెట్టి మగ్గనిండు. కాచి చల్లార్చిన పాలు పావులీటరు తీసికొని, అందు చెంచాడు బియ్యపుపిండి కలిపి, సన్నసెగపై కూరలో పోసి, దగ్గరపడగానే దింపుడు. పిండి యుండుటచే పాలు విరుగవు. పెద్దల వంతుకు పచ్చిమిరపకాయల పోపు విడిగా వేసికొనవచ్చును.

మజ్జిగపులుసు: పులియని పెరుగు అరలీటరు చిలికి, రెండు చెంచాల సెనగపిండి ఉండలు లేకుండ కలిపి, ఉడికిన గుమ్మడి ముక్కలలో పోయుడు. పసుపు, ఉప్పు, దంచిన అల్లము చేర్చి, సన్నసెగపై కలియబెట్టుచు, చిక్కపడి పొంగు రాబోవునపుడు దింపవలయును.

పెరుగన్నము: అన్నము మెత్తగా వండి, వేడిగా నున్నపుడే మెదిపి పాలు పోయుడు. గోరువెచ్చనైన పిదప పెరుగు కలుపుడు. క్యారెట్టు తురుము, దానిమ్మగింజలు పైన చల్లిన బిడ్డల కన్ను దానిపై పడును.

వంట కంటె వడ్డనయే కష్టము. అమెరికా దేశపు ఆహారశాస్త్రజ్ఞురాలు ఎల్లిన్ శాటర్ చక్కని సూత్ర మొకటి చెప్పినది. ఏమి, ఎప్పుడు, ఎక్కడ పెట్టవలయునో నిర్ణయించుట పెద్దల పని. తినుటయా మానుటయా, తినిన నెంత యనునది బిడ్డ పని. కాన బిడ్డకు వేరుగా వండకుడు. అందరితో పంక్తిని కూర్చుండబెట్టుడు. బిడ్డ యెరిగిన పదార్థ మొకటి కంచములో తప్పక యుంచి, క్రొత్తది చెంచాడు మాత్రము వేయుడు. తినకున్న తిట్టవలదు, తినిన బహుమాన మీయవలదు. క్రొత్త రుచి అలవాటగుటకు పది పదునైదు మార్లు చూపవలసి వచ్చుట సహజము.

మేమును మొదటి వారమున ఓడిపోతిమి. ఖాళీ కడుపుతో పండుకొనునేమోయని చేయి పాల గ్లాసు మీదికే పోవుచుండెను. సందెపాలు మానిన కొన్నాళ్లకు పిల్ల తానే వచ్చి, "అవ్వా, ఆకలి" యనెను. ఆ మాట విని మా కన్నులు చెమర్చినవి. నేటికిని కూరలోని ఆవాలు ఏరి కంచపుటంచున పెట్టును, పెట్టనిండు! మిగిలినది తినుచున్నది, మరల వీథిలో పరుగులు పెట్టుచున్నది.

పాలిపోయిన బిడ్డను, పాలు త్రాగిన దద్దుర్లు లేచు బిడ్డను వైద్యునికి చూపుట మరువకుడు. తక్కినవారి యిండ్లలో ఈ రాత్రియే గ్లాసు ప్రక్కనబెట్టి, బిడ్డ ఆకలిని నమ్మి చూడుడని మా కోరిక.