శాసనాల్లో ఆస్పత్రి వెతికిన డాక్టరు

మాచర్ల దాటి విజయపురి సౌత్ వెళ్లి లాంచీ ఎక్కితే నాగార్జునకొండ వస్తుంది. పల్నాడు పిల్లలకు అదో విహారయాత్ర. కానీ ఆ సాగర్ నీళ్ల కింద మునిగిన లోయలోనే సుమారు 1700 ఏళ్ల కిందట ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉండేది. అక్కడి ఒక శాసనంలో 'విగత జ్వరాలయం' అనే మాట కనిపిస్తుంది. జ్వరపీడితులు కోలుకునే చోటని పండితులు దానికి అర్థం చెప్పారు.

చూసేవాళ్లకు అదొక రాయి. అదే ఒక డాక్టరు చూస్తే? అక్కడ ఎంతమంది రోగులుండేవారు, మందు ఎవరు నూరేవారు, ఖర్చు ఎవరు భరించేవారు... అన్నీ ప్రశ్నలే!

అలాంటి ప్రశ్నల వెంటే నడిచిన తెలుగు వైద్యుడు డాక్టర్ డి.వి. సుబ్బారెడ్డి. విశాఖపట్నం ఆంధ్ర వైద్య కళాశాలలో శరీరధర్మశాస్త్రం బోధించిన ఆచార్యుడాయన. పాఠం చెప్పేది ఆధునిక వైద్యం... మనసు లాగింది మాత్రం పాత తాళపత్రాలూ, శాసనాలూ!

మధ్యయుగాల్లో దక్షిణాది జనానికి వైద్యం ఎక్కడ, ఎలా అందేదో వివరిస్తూ ఆయన రాసిన వ్యాసం 1941లో అమెరికాలోని బాల్టిమోర్ నుంచి వెలువడే వైద్యచరిత్ర పత్రికలో అచ్చయింది. ఇలాంటి సంగతులకు శాసనాలే పెద్ద ఆధారం. తమిళనాడులోని తిరుముక్కూడల్ ఆలయ శాసనమే చూడండి. 11వ శతాబ్దంలో ఆ గుడి ఆస్పత్రిలో 15 పడకలున్నాయని, వైద్యుడికీ సేవకులకూ ఏమివ్వాలో కూడా లెక్కగా చెక్కి పెట్టారు. అంతదూరం ఎందుకు? గుంటూరు జిల్లా మందడం దగ్గరి మల్కాపురం శాసనం 1261 నాటిది. రుద్రమదేవి కాలం. అందులో ఆరోగ్యశాలతో పాటు ప్రసూతిశాల ప్రస్తావన కూడా ఉంది. అంటే, కాన్పుకోసం ప్రత్యేకంగా ఒక చోటుండాలన్న ఆలోచన మనకు ఏడు వందల ఏళ్ల కిందటే ఉందన్నమాట.

వ్యాసాలు రాసి ఊరుకుంటే ఆయన చరిత్రకారుడిగానే మిగిలేవారు. కానీ ఆధారాలను ఒకచోట చేర్చి, భద్రపరిచి, తర్వాతి తరానికి అప్పగించే ఏర్పాటు కావాలి కదా! 1956లో హైదరాబాద్‌లోని ఉస్మానియా వైద్య కళాశాలలో వైద్యచరిత్ర విభాగం మొదలైంది. దాన్ని నిలబెట్టింది సుబ్బారెడ్డే. నగరంలో 1595లో కుతుబ్‌షాహీలు కట్టించిన దారుష్‌షిఫా మీద కూడా ఆయన పరిశోధన చేశారు. ఆయుర్వేదం, యునానీ, పాశ్చాత్య వైద్యం... ఏదీ ఆయనకు పరాయిది కాదు. ఆ విభాగమే పెరిగి పెద్దదై, నేడు జాతీయ భారతీయ వైద్య వారసత్వ సంస్థగా హైదరాబాద్‌లోనే కొనసాగుతోంది. గ్రంథాలయం, ప్రదర్శనశాల అందులో భాగం.

రోగి రాగానే డాక్టరు ముందు అడిగేది 'ఎప్పట్నుంచి?' అని. పాత సంగతి తెలియకుండా మందు రాయరు. సుబ్బారెడ్డి అదే ప్రశ్న వైద్యాన్నే అడిగారు. జవాబులు కొన్ని రాళ్ల మీద దొరికాయి, కొన్ని ఆకుల మీద.

రాయికి ఆయుష్షు ఎక్కువ. ఆకుకు అంత లేదు. చెమ్మకు చివుకుతుంది, పురుగుకు ఆహారమవుతుంది. వెనకటి తరాలు పాత ప్రతి పాడయ్యేలోగా కొత్తది రాయించుకునేవి. ఆ అలవాటు పోయింది. నరసరావుపేటలోనో గురజాలలోనో పాత ఇల్లు పడగొట్టేటప్పుడు అటకమీద గుడ్డలో చుట్టిన తాటాకుల కట్ట దొరికితే ఏం చేస్తున్నాం? చదవడం రాదని పొయ్యిలో పెడితే, అందులో ఏ తాతగారి మందుచీటీ ఉందో ఇక ఎవరికీ తెలియదు. చదవగలిగేవాళ్లు ఉన్నారు. హైదరాబాద్‌లో ప్రాచ్య లిఖిత గ్రంథాలయం ఉంది, తిరుపతిలో ప్రాచ్య పరిశోధన సంస్థ ఉంది. ముందు వాళ్లకొకసారి చూపిస్తే చాలు.

ఆ కట్ట విప్పాల్సిన పని పండితులది. పారేయకుండా ఉంచాల్సిన పని మాత్రం ఇంటివాళ్లదే!