కంచం ముందు కోర్టు

తెలుగిళ్లలో రాత్రి భోజనానికో వరస ఉంటుంది. ముందు పప్పు, తర్వాత కూర, ఆపైన చారో పులుసో, చివర్లో పెరుగు. టీవీ వచ్చాక దానికి ఇంకో వరస జతయింది. పప్పన్నం సీరియల్‌తో, చారన్నం ప్రకటనలతో, పెరుగన్నం వార్తలతో. మీ ఇంట్లో కాస్త అటూ ఇటూగా ఉండొచ్చు. టీవీ కట్టేసి తినేవాళ్లూ ఉన్నారట... వాళ్లకో దండం!

సీరియల్‌తో పేచీ లేదు. అత్తగారు కోడలి పాలగ్లాసులో ఏదో కలిపిందంటే అది ఉత్తుత్తిదేనని పసిపిల్లలకూ తెలుసు. ఇబ్బందల్లా వార్తలతోనే. ఎక్కడో ఎవరో ఏదో అంటారు. లేదంటే ఏ సినిమాలోనో ఓ మాట దొర్లుతుంది. ఇక ఆ ఇరవై సెకన్ల ముక్క తెర మీద తిరుగుతూనే ఉంటుంది. చుట్టూ ఎర్రక్షరాలు. నాలుగు గళ్లలో నలుగురు కూర్చుని ఒకేసారి అరుస్తుంటారు. మనోభావాలు దెబ్బతిన్నాయని ఒకరు, భావప్రకటన స్వేచ్ఛ అని ఇంకొకరు. మనం కూర కలుపుకొనేలోగా ఇంట్లోనూ రెండు పార్టీలు తయారు. మా మావయ్యగారు నిషేధించాల్సిందే అంటారు. మావారు అక్కర్లేదంటారు. ఇద్దరూ ఆ సినిమా చూడలేదు. నేను వడ్డనలో ఉంటాను కాబట్టి నా ఓటు ఎవరూ అడగరు.

ఆ మధ్య ఓ రాత్రి వాదన ముదిరితే మా అత్తయ్యగారు మజ్జిగ పోసుకుంటూ, "ఇందాకట్నుంచీ ఆ ముక్కే వేస్తున్నాడు. దానికి ముందేం జరిగిందో, తర్వాతేమయ్యిందో చూపించడేం?" అన్నారు. ఆవిడ చదివింది ఐదో తరగతి. కానీ 1988లో దేశంలోని పెద్ద పెద్ద కోర్టులు తలకెత్తుకున్నదీ దాదాపు ఈ ప్రశ్ననే.

అప్పట్లో మనకు టీవీ అంటే దూరదర్శనే. ఆదివారం పొద్దున రామానంద్ సాగర్ 'రామాయణ్' వస్తే వీధులు ఖాళీ. ఆ ఏడాది జనవరి నుంచి శనివారం రాత్రి 'తమస్' మొదలైంది. భీష్మ సాహ్ని రాసిన హిందీ నవల అది. 1975లో సాహిత్య అకాడమీ అవార్డు అందుకుంది. సాహ్ని పుట్టింది రావల్పిండిలో. దేశ విభజన నాటి అల్లర్లు ఆయన దగ్గరుండి చూసినవే. గోవింద్ నిహలానీ దాన్ని తెరకెక్కించారు. ఓంపురి వేసిన నత్థూ పాత్ర తోళ్ల పని చేసుకునే పేదవాడు. కాంట్రాక్టరు డబ్బిచ్చి చెప్పాడు కదా అని, ఎందుకో తెలియకుండానే ఓ పందిని చంపుతాడు. తెల్లారేసరికి దాని కళేబరం మసీదు మెట్ల మీద ఉంటుంది. ఇక ఊరు తగలబడుతుంది.

ఇలాంటివి ఇంటింటికీ చూపిస్తే పాత గాయాలు రేగుతాయని, జనం మళ్లీ కొట్టుకుంటారని కొందరు భయపడ్డారు. నిరసనలు, ఆందోళనలు. బొంబాయి హైకోర్టులో ఓ న్యాయమూర్తి ప్రసారం ఆపమన్నారు కూడా. అప్పుడది లెంటిన్, సుజాతా మనోహర్ అనే ఇద్దరు న్యాయమూర్తుల ముందుకు వెళ్లింది. వాళ్లేం చేశారంటే, సీరియల్ మొత్తం కూర్చుని చూశారు. అప్పటికింకా ప్రసారం కాని భాగాలతో సహా, సుమారు ఐదు గంటలు! చూశాక, ఆపక్కర్లేదని తేల్చారు.

చదువురానివాళ్లు చూసి రెచ్చిపోతారన్న వాదనకు వాళ్లిచ్చిన జవాబు నాకు మరీ ఇష్టం. చదువు లేనంత మాత్రాన ఇంగితం లేకుండా పోదని, మతం పేరుతో రెచ్చగొట్టేవాళ్ల కుట్రను కళ్లకు కట్టినట్టు చూపిస్తే వాళ్లూ గ్రహించగలరని దాని సారాంశం. మా అత్తయ్యగారికి ఇది చెబితే, "ఆ మాత్రం తెలీదూ?" అన్నారు.

వివాదం అక్కడితో ఆగలేదు. సుప్రీంకోర్టుకూ వెళ్లింది. ఫిబ్రవరిలో జస్టిస్ సవ్యసాచి ముఖర్జీ, జస్టిస్ రంగనాథన్ ఆ పిటిషన్‌ను కొట్టేశారు. ఏదైనా మాటను తూచేటప్పుడు వివేకం, గుండె నిబ్బరం ఉన్న మనిషి దాన్నెలా తీసుకుంటాడో చూడాలి తప్ప, ప్రతిదానికీ బెదిరిపోయేవాళ్లను కొలతగా పెట్టుకోకూడదన్నారు. నాగపూర్ హైకోర్టులో జస్టిస్ వివియన్ బోస్ చెప్పిన సూత్రమది. అచ్చులో చదివే మాట కన్నా తెర మీది బొమ్మ మనసును ఎక్కువగా కదిలిస్తుందన్న సంగతీ కోర్టు మరిచిపోలేదు. పిల్లల నోటికి ముద్ద అందిస్తూ టీవీ చూసే తల్లులకు అది వేరే చెప్పక్కర్లేదు. మాటకు హద్దులు వద్దని కూడా ఎవరూ అనలేదు. రాజ్యాంగంలో 19వ అధికరణం స్వేచ్ఛ ఇచ్చి, ఆ వెంటనే పరిమితులూ చెప్పింది. పేచీ హద్దు గురించి కాదు. అది దాటారో లేదో తేల్చేముందు అసలు విషయం చూశామా అన్నదే.

చూడకపోతే ఏమవుతుందో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే జరిగింది. 2006 జూన్‌లో 'ది డావిన్సీ కోడ్' సినిమాను రాష్ట్ర ప్రభుత్వం నిషేధించింది. క్రైస్తవుల మనసులు నొచ్చుకుంటాయని వినతులు వచ్చాయి. సెన్సార్ బోర్డు అప్పటికే సర్టిఫికెట్ ఇచ్చింది. అదే నెలలో హైకోర్టు ఆ నిషేధాన్ని కొట్టేసింది. సినిమా చూడకుండానే సర్కారు నిర్ణయం తీసుకోవడాన్ని ఎత్తిచూపింది. అక్కడా అదే కథ, ఇరవై సెకన్ల ముక్క కూడా లేకుండా!

ఇప్పుడు ప్రతి అరచేతిలోనూ ఓ తెర ఉంది. ఎవరి కంచం వాళ్లది, ఎవరి ఫోను వాళ్లది. ముక్క ఇరవై సెకన్ల నుంచి పదికి తగ్గింది. ఛానళ్ల వాళ్లను మాత్రం ఏమనగలం? సినిమా అంతా చూసి మాట్లాడాలంటే రెండున్నర గంటలు కావాలి. అందాకా చర్చ ఆగుతుందా, ప్రకటనలు ఆగుతాయా? చెమటోడ్చి వండిన నాలుగు రకాలూ వదిలేసి, నంజుకున్న మిరపకాయ ఒక్కటి కొరికి వంటంతా కారమంటే ఆ ఇంటి ఇల్లాలు ఊరుకుంటుందా? ఆ ఐదు గంటలూ కదలకుండా కూర్చున్న ఇద్దరు న్యాయమూర్తుల ఓపిక మాత్రం నాకు పదే పదే గుర్తొస్తుంటుంది. చూడకుండా చెప్పేస్తే వాళ్లకు పని ఎంత తేలికయ్యేదో!

మా మావయ్యగారు ఈమధ్య 'తమస్' చూస్తానన్నారు. హిందీ అంతంతమాత్రమే అయినా ఫర్వాలేదట. రోజుకో గంట చొప్పున ఐదు రాత్రులకు సరిపోతుంది. మీరూ చూడాలనుకుంటే చిన్న మాట. మొదటి భాగం మాత్రం కంచం ముందు కూర్చుని పెట్టకండి. నత్థూ, ఆ పంది ఉన్న సన్నివేశం చాలాసేపు సాగుతుంది. చూస్తూ తింటే అన్నం సహించదు.