మునిగేది మన ఊరు, గీత గీసేది ఏ వెర్షన్?

తమ్ముళ్లూ చెల్లెళ్లూ, సివిల్ ఇంజనీరింగ్ చదివి మడికొండ ఐటీ పార్కులోనో హైదరాబాద్‌లోనో కంప్యూటర్ ముందు కూర్చున్న మన పిల్లలకు ముఖ్యంగా ఈ మాట.

పోలవరం ముంపు మీద మనం రోడ్డెక్కినం, కలెక్టరాఫీసుల ముందు కూర్చున్నం. మునక గీత పుట్టేది మాత్రం కంప్యూటర్ మోడల్లో. అక్కడ మన మనిషి ఒక్కడూ లేడు.

2006లో కేంద్ర జల సంఘం స్పిల్‌వేను 36 లక్షలకు కాదు, 50 లక్షల క్యూసెక్కులకు డిజైన్ చేయమన్నది. అంటే కట్టకు పెద్ద వరద లెక్క. మరి ఊళ్లకు? బ్యాక్‌వాటర్‌ను కూడా 50 లక్షలకే లెక్కించాలని ఎగువ రాష్ట్రాలు ఏండ్లుగా అడుగుతున్నయి. 2022 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు, రాష్ట్రాలతో కూర్చుని తేల్చమని కేంద్రానికి చెప్పింది. అదే ఏడు జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు వచ్చింది. మూడో ప్రమాద హెచ్చరికే 53 అడుగులు! తొలి దశ 41.15 మీటర్ల కాంటూర్‌లో లేవన్న ఊళ్లలోకీ నీళ్లొచ్చినయి.

ఇప్పుడు సాఫ్ట్‌వేర్ సంగతి. అమెరికా ఆర్మీ ఇంజనీర్ల హెచ్‌ఈసీ-రాస్ ప్రపంచమంతా వాడుతరు, ఉచితం. 2016లో 5వ వెర్షన్ రెండు దిక్కుల ప్రవాహం తెచ్చింది, 2021లో 6వ వెర్షన్ లెక్కగట్టే పద్ధతులు మార్చింది. అదే నది, అదే వరద, అవే కొలతలు ఇచ్చినా పాత వెర్షన్, కొత్త వెర్షన్ ఒకే మట్టం చెప్తయన్న హామీ లేదు. ఇది మోసం కాదు. లోపల సమీకరణాలు విప్పే తీరు, ముందే పెట్టిన సెట్టింగులు మారుతయి. అందుకే పని తెలిసినోళ్లు మధ్యలో వెర్షన్ మార్చరు; మారిస్తే రెండింటినీ ఒకే డేటాతో నడిపి, తేడా ఎక్కడ పుట్టిందో రాసి, నిజంగా వచ్చిన వరద గుర్తులతో సరిచూస్తరు.

వెయ్యి మీటర్లకు ఒక మీటరు వాలున్న నేల మీద 30 సెంటీమీటర్ల తేడా అంటే గీత 300 మీటర్లు జరిగినట్టు. ఆ 300 మీటర్లలో ఒక కోయ గూడెం పడుతది. ప్యాకేజీ వచ్చే గూడెమా, రాని గూడెమా అన్నది ఆ అడుగు మీదుంటది. "సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అయింది" అని సారు చెప్తే తలూపి వచ్చేయొద్దు.

గ్రామసభలో, ఆర్టీఐలో అడగండి: ఏ మోడల్, ఏ వెర్షన్, ఏ ఏడాది కొలిచిన నది అడ్డకోతలు, ఎన్ని లక్షల క్యూసెక్కులు, మానింగ్ గుణకం ఎంత, పాత ఫైళ్లు ఎక్కడ? పీసా చట్టం, 1996 ప్రకారం భూసేకరణకు ముందు సంప్రదింపు జరగాలె. ఈ కాగితాలు లేకుండా ఏం సంప్రదింపు? తేడా తేలేదాకా ఎక్కువ మట్టమే పునరావాసానికి లెక్క కావాలె. అనుమానం భారం కట్టేటోడి మీద ఉండాలె, మునిగేటోడి మీద కాదు. మనోళ్లకూ ఒక మాట: పెద్ద అంకె వచ్చిన వెర్షన్‌నే పట్టుకుని ఊగితే రేపు కోర్టులో మనమే దొరికిపోతం. రెండూ నడపండి.

కూనవరం, వీఆర్‌ పురం, చింతూరు దిక్కు ఇంటి గోడల మీద, బడి గోడల మీద 2022 వరద గుర్తులు సున్నం వేస్తే పోతయి. వానాకాలానికి ముందే ఒక్కొక్క గుర్తు ఎత్తు లెవెల్ మిషన్‌తో కొలిచి, ఫొటో తీసి, పంచాయతీ తీర్మానంలో రాయించండి.