టీకా వద్దనే హక్కు దొడ్డి దాకే

గాలికుంటు టీకాల బృందం వచ్చినప్పుడల్లా కొందరు రైతులు వెనకాడుతున్నారు. సూది వేస్తే నాలుగు రోజులు పాలు తగ్గుతాయని, వేసినచోట వాపు వస్తుందని వారి భయం. అది అబద్ధం కాదు. కానీ తగ్గిన పాలు మళ్లీ వస్తాయి. రోగమే వస్తే నోరు పుండై గొడ్డు మేత మానేస్తుంది. గిట్టలు పుండ్లు పడి ఎద్దు దుక్కికి పనికిరాదు. లేగదూడలు చనిపోతాయి.

"నా గొడ్డు, నా ఇష్టం" అనే మాట దొడ్డి దాకే చెల్లుతుంది. పెద్దచెరువు దగ్గర, ఊరి బీళ్లలో మందలన్నీ కలుస్తాయి. ఒకరు టీకా వద్దంటే పక్క రైతు కాడి ఆగిపోవచ్చు. ఊళ్లకు ఊళ్లే పశువులను తుడిచిపెట్టిన రిండర్‌పెస్ట్ 2011 నాటికి ప్రపంచంలోనే లేకుండా పోయిందంటే, అది ఊరూరా టీకాలు వేయించిన ఫలితమే.

బాధ్యత రైతుది మాత్రమే కాదు. 2019లో మొదలైన జాతీయ పథకం కింద ఆరు నెలలకోసారి ఉచితంగా వేయాల్సిన ఈ టీకా తండాలకు, గూడేలకు కూడా అందాలి. ముందురోజే చాటింపు వేయాలి. పశువులు మేతకు పోకముందే సిబ్బంది రావాలి. మందు చల్లదనం తగ్గకుండా తేవాలి. వీటిని సంఘంగా గట్టిగా అడుగుదాం.

చూలు పశువుల సంగతి డాక్టరుకు ముందే చెప్పండి. మిగతా ఏ గొడ్డునూ దాచకండి.